నాలుగో లైను, ఒక్క రింగు

మధ్యాహ్నం 2:20కి రేగొండ దాటి పత్తి మిల్లు గేటు ముందు దిగాం. వాన పడుతూనే ఉంది. మూడు రోజుల నుంచి అదే వాన. రోడ్డు అక్కడివరకే ఉంది. ఆ తర్వాత టేకుమట్ల వైపు చూస్తే కిలోమీటరు రాళ్ల తలలు కూడా కనిపించలేదు, అంతా ఎర్రనీళ్లే.

ఒక ట్రక్కు. ఐదుగురం. రేడియో సెట్లు రెండు, ఫీల్డు టెలిఫోన్లు ఆరు, కేబుల్ డ్రమ్ములు నాలుగు, జనరేటర్ ఒకటి, ఏడు రోజుల రేషను. పొద్దున సికింద్రాబాద్‌లో బయలుదేరినప్పుడు మూడు ట్రక్కులం. మొదటి డిటాచ్‌మెంట్ జనగామలో దిగిపోయింది. రెండోది వరంగల్ దగ్గర విడిపోయి మహబూబాబాద్ వైపు వెళ్లింది. మూడోది మాది, భూపాలపల్లి జిల్లాకు. ఆర్డరు నాలుగే నాలుగు ముక్కలు. బోట్లు ఇంజనీర్లవి, మాటలు మనవి. కంట్రోల్ రూం పెట్టు. లైన్లు నిలబెట్టు. వచ్చిన ప్రతి ఫోనూ రాసిపెట్టు.

ఆర్మీ సిగ్నల్స్‌లో పద్దెనిమిదేళ్లు చేశానని తెలిస్తే మా వాళ్లు ముందు మంచుకొండల గురించి అడుగుతారు. మంచుకొండలు చూశాను. కానీ నేను చెప్పాలనుకునే డ్యూటీ అక్కడిది కాదు. నాది ఘనపూర్. మా ఇంటికి ముప్పై కిలోమీటర్ల లోపు, ఒక మిల్లు ఆఫీసులో, ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని చేసిన పదకొండు రోజుల డ్యూటీ అది. చేతిలో తుపాకీ లేదు. ఒక టెలిఫోను డబ్బా ఉంది. ఆ డబ్బాతోనే, నా తెలివితేటలతోనే, బతికున్న మనిషిని చచ్చిపోయిన వాళ్ల లిస్టు దాకా తీసుకెళ్లాను.

మిల్లునే ఎందుకు ఎంచుకున్నారంటే అది మెరక మీద ఉంది. డీజిల్ జనరేటర్ ఉంది. సెల్లు టవర్లు సగం చచ్చిపోయినా దాని లైన్లు నాలుగూ పనిచేస్తున్నాయి. అన్నిటికంటే పెద్ద సంగతి, చుట్టుపక్కల రైతులందరికీ ఆ మిల్లు నంబర్లు నోటికి వచ్చు. షావుకారు స్వయంగా వచ్చి ఆఫీసు తాళం తీశాడు. తెల్లచొక్కా, మోకాళ్ల దాకా ఎగగట్టిన పంచె. బురద చెప్పులు బయటే విడవమని మాకు చెప్పడానికి మొహమాటపడి తనే ముందు విడిచాడు. ఆఫీసంతా మాదే అనుకోమన్నాడు. సాయంత్రానికి ఇంటి నుంచి పెద్ద ఫ్లాస్కులో చాయ్ పంపించాడు. పదకొండు రోజులూ ఆ చాయ్ ఆగలేదు.

డబ్బా గోడకు బిగించి ఉంది. తెల్లది. ఇలాంటివి మీరు దవాఖానల్లో, బళ్లలో చూసే ఉంటారు. బయటి నుంచి వచ్చే లైన్లు నాలుగు. వాటిని మేం ట్రంకులంటాం. లోపలి ఫోన్లు పదహారు. ఆపరేటర్ బల్ల మీద ఒక పెద్ద ఫోను, దాని మీద వరసగా నాలుగు ఎర్రదీపాలు. ఏ లైనుకు పిలుపు వస్తే ఆ దీపం వెలుగుతుంది, గంట మోగుతుంది. డబ్బా ఎలా నడవాలన్న లెక్కలన్నీ ఆ ఫోను మీది అంకెలు నొక్కే మార్చాలి.

మూత తీశాను. లోపలివైపు గీతల నోటుబుక్కు కాగితం ఒకటి అంటించి ఉంది. నీలం బాల్‌పెన్ను, గుండ్రటి అక్షరాలు. ఏ అంకె దేనికో వరసగా రాసి ఉంది. ఒక అంకె పక్కన మాత్రం, కింద రెండు గీతలు కొట్టి, 'గిది మార్చొద్దు' అని ఉంది.

నవ్వొచ్చింది. జబల్‌పూర్ సిగ్నల్స్ ట్రైనింగులో రెండేళ్లు ఇవే నేర్చుకున్నవాణ్ణి. మిల్లు గుమాస్తా నాకు చెప్పేదేమిటి అనుకున్నాను.

ఆ అంకె ఏమిటో కొంచెం చెప్పాలి. బయటి నుంచి రింగు వస్తే, అది ఎంతసేపు వచ్చాక నిజమైన ఫోనని డబ్బా నమ్మాలి? అది తేల్చే అంకె. తడిసిన తీగల్లో, ఉరుముల్లో దొంగ రింగులు పుడుతుంటాయి. అందుకే అంత తొందరగా నమ్మొద్దని పుస్తకం చెబుతుంది. మిల్లు వాళ్లు దాన్ని బాగా కిందికి దించి పెట్టుకున్నారు. సెకనులో ఐదో వంతు. గాలి తగిలినా మోగేటట్టు.

మోగింది కూడా. మొదటిరోజు సాయంత్రం మూడో లైను ఒక్కసారి ట్రింగ్‌మని ఆగేది. ఎత్తితే ఎవరూ లేరు. పావుగంటకు మళ్లీ. మళ్లీ ఎవరూ లేరు. అదే సమయంలో రెండో లైనులో బోట్ల దగ్గర నుంచి మనుషుల పేర్లు వస్తున్నాయి. మా హవల్దార్ కేరళ మనిషి. నీళ్లంటే భయం లేదు, గోలంటే మాత్రం చిరాకు. మా మాటలన్నీ హిందీలోనే నడిచేవి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఆ దయ్యాల గంట ఆపు," అన్నాడు.

"తీగలు తడిసినై సాబ్. రెండు నిమిషాలు."

6:10కి అంకె మార్చాను. నాలుగు సెకన్లు పెట్టాను. మన దగ్గర రింగు జంటగా వస్తుంది. ట్రింగ్ ట్రింగ్, రెండు సెకన్లు మౌనం, మళ్లీ ట్రింగ్ ట్రింగ్. నాలుగు సెకన్లంటే రెండు జంటలు పూర్తయితే గాని గంట మోగదు. నిజంగా పని ఉన్నవాడు ఆ మాత్రం ఆగడా అనుకున్నాను. దయ్యాల గంట ఆగిపోయింది. హవల్దార్ నా భుజం తట్టాడు. ఆ రాత్రి వడ్ల బస్తాలంత బరువు దిగినట్టు హాయిగా పడుకున్నాను.

రెండో రోజు 11:05కి మొదటి లైను మోగింది. ఆడమనిషి గొంతు. తన పేరు సువార్త అని, ఈ మిల్లులో ఆపరేటర్‌నని చెప్పింది. తొమ్మిదేళ్ల బిడ్డకు జ్వరమొస్తే వాన మొదలుకాక ముందే జనగామ దవాఖానకు తీసుకెళ్లిందట. ఇప్పుడు రావాలంటే తొవ్వ లేదు. వాళ్ల అమ్మ దీనమ్మ ఒక్కతే ఇంటి దగ్గర ఉంది. టేకుమట్ల వైపు, వాగు పక్కనే ఊరు. చిన్న ఊరు, పేరు రాయను.

"అన్నా, నాలుగో లైనుకు పదింటికి రింగొచ్చిందా?" అని అడిగింది.

నేను లాగ్‌బుక్ చూడకుండానే చెప్పాను. "రాలేదక్కా."

దీనమ్మకు చెవులు వినపడవట. ఫోనులో మాట్లాడి లాభం లేదు. అందుకని తల్లీబిడ్డలు ఒక పద్ధతి పెట్టుకున్నారు. రోజూ పదింటికి ఆమె మిల్లు నాలుగో లైనుకు చేస్తుంది. 'నేను తిన్న, మంచిగున్న' అని దాని అర్థం. సువార్త అక్క చిన్న ఫోను ఒకటి కొనిచ్చి, రెండో మీట గట్టిగా ఒత్తితే మిల్లుకు పోయేటట్టు పెట్టింది. డ్యూటీలో తన సెల్లు సంచిలో ఉంటుంది కాబట్టి ఇదే నయమనుకుంది. ఫోను మిగతా రోజంతా ఆపి ఉంటుంది, ఛార్జింగు నిలవాలని. ఇదంతా ఆమె తీరిగ్గా చెప్పలేదు. ఆమె చెప్పినంతా నేను తీరిగ్గా వినలేదు. పదింటికి రింగు వస్తుందన్నది విన్నాను. అది ఎంతసేపు వస్తుందని అడగలేదు.

ఆ మధ్యాహ్నం బోటు ఆ ఊరికి పోయింది. బోట్లు నడిపే ఇంజనీర్ల నాయక్, అంటే హవల్దార్ కింది ర్యాంకు వాడు, పంజాబీ, ఆరడుగుల మనిషి. 3:40కి రేడియోలో చెప్పాడు. ఇళ్లు చూరుల దాకా మునిగాయి. బడి మేడ మీద జనం ఉన్నారు, అందరినీ ఎక్కించుకున్నాం. పేర్లు చదివాడు. నేను రాసుకున్నాను. దీనమ్మ పేరు లేదు. పక్కింటివాళ్లను అడిగితే, మేకల కోసం వెనక్కి పోయిందని, తర్వాత చూడలేదని చెప్పారు.

5:30కి సువార్త అక్క మళ్లీ చేసింది. బడి మేడ మీది వాళ్లు వచ్చారని విన్నదట. మీ అమ్మ వాళ్లలో లేదని చెప్పాను. అటువైపు దవాఖాన చప్పుళ్లు, ట్రాలీ చక్రాలు, ఎవరో పిల్ల ఏడవడం. రేపు పదింటికి జర చూడమని చెప్పి పెట్టేసింది.

మూడో రోజు 11 గంటలకు మళ్లీ అడిగింది. రాలేదన్నాను. ఆ మాట అనడం ఎంత తేలికో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం. ఒక్క చిన్న మాట. గంట మోగలేదు, కాబట్టి రాలేదు. నేను పెట్టిన లెక్క మీద నాకు అంత నమ్మకం.

మధ్యాహ్నం బోటు రెండోసారి వెళ్లి ఊరు చుట్టూ తిరిగి వచ్చింది. ఎవరూ కనపడలేదు. నాయక్ తడిసిన టోపీ పిండుకుంటూ ఆఫీసులోకి వచ్చి లిస్టులో దీనమ్మ పేరు ఎదురుగా 'గల్లంతు' అని రాయమన్నాడు. రాశాను. మరుసటి రోజు 12 గంటలకు బోట్లన్నీ మానేరు ఒడ్డుకు మారాలని ఆర్డరు వచ్చింది. అక్కడ మనుషులు చెట్లెక్కి ఉన్నారు. ఆర్డరు న్యాయమైనదే.

మా లైన్‌మన్ రాజస్థాన్ వాడు. వాళ్ల ఊళ్లో పెళ్లికి కూడా రెండు బిందెల నీళ్లతో సరిపెడతారట. ఇన్ని నీళ్లు చూసి బిత్తరపోయి, మూడు రోజులుగా పెద్దగా మాట్లాడకుండా పని చేస్తున్నాడు. వాడు నేను రాసింది చూసి, "ఆ ఆస్పత్రి అక్క తల్లేనా?" అన్నాడు. అవునన్నాను. వాడు చాయ్ తాగకుండానే బయటికి వెళ్లిపోయాడు.

5:30. మొదటి లైను. ఎత్తాలంటే నా చెయ్యి రాలేదు. ఎత్తాను.

ఆమె అమ్మ గురించి అడగలేదు. ఇలా అంది.

"అన్నా, ఒక్కటడుగుత. డబ్బా మూత లోపట నేనొక కాగితం అంటిచ్చిన. గిది మార్చొద్దని రాసిన. గది ఎవరన్న మార్చిండ్రా?"

"ఎందుకక్కా?" అన్నాను.

"మా అవ్వ ఒక్క రింగే ఇస్తది. రైతులు గూడ గంతే. పత్తి రేటు అడగనీకి ఒక్క రింగిచ్చి కోసేస్తరు, నేనే మళ్ల చేసి చెప్త. గందుకే అంత తక్కువ పెట్టిపిచ్చిన. అది పెంచితే ఒక్క రింగు ఇనబడదన్నా."

మిస్డ్ కాల్. నా ఊళ్లో పుట్టి, నా ఊళ్లో పెరిగి, నాకు తట్టలేదు. మా బాపు కూడా నాకు ఒక్క రింగే ఇచ్చేవాడు. నేను కొండల మీద ఉన్నప్పుడు, చేస్తే పూర్తిగా చెయ్యి, లేకపోతే మానెయ్యి అని కసురుకున్నాను కూడా. ఆయన మానేశాడు. ఇన్నేళ్ల సర్వీసులో నేను సెకన్లు నేర్చుకుని మనుషుల్ని మరిచిపోయాను.

"నేనే మార్చినక్కా," అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు. అప్పుడే నాకు దీపం గుర్తొచ్చింది. గంటకు నేను లెక్క పెట్టగలిగాను గాని దీపానికి లెక్క లేదు. తీగలో రింగు రాగానే అది వెలుగుతుంది. డ్యూటీలో ప్రతిదీ రాయడం నాకు అలవాటు. లాగ్‌బుక్ లాక్కుని పేజీలు తిప్పాను. నా అక్షరాలే. రెండో రోజు, 10:00. 'లైను 4. దీపం ఒకసారి. గంట లేదు. తడి.' మూడో రోజు, 10:01. 'లైను 4. దీపం ఒకసారి. గంట లేదు. తడి.'

"అక్కా," అన్నాను. "వచ్చింది. నిన్న వచ్చింది. ఇయ్యాల గూడ వచ్చింది. ఇక్కడ రాసి ఉన్నది."

"పదింటికేనా?"

"పదింటికే. ఇయ్యాల పదీ ఒకటికి."

"ఇంకోపారి సదువన్నా."

చదివాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. తడి అన్న మాట మాత్రం మూడుసార్లూ వదిలేశాను. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. హవల్దార్ చూస్తున్నాడని తెలుసు, అయినా ఏడ్చాను.

జరిగింది హవల్దార్‌కు నిలబడి చెప్పాను. శిక్ష ఏదైనా సరే అన్నాను. ఆయన కాసేపు డబ్బా వైపు చూసి, "ముందు ఆ అంకె ఉన్న చోట పెట్టు," అన్నాడు. 5:50కి పెట్టాను. ఆరుకల్లా మూడో లైను ఒక్కసారి మోగి ఆగింది. షావుకారు ఇంటి నుంచి, ఎవరు చేశారో నంబరు చూపించే ఫోను తెప్పించి ఆ లైనుకు తగిలించాం. తర్వాతి ఒక్క రింగుకు నంబరు దొరికింది. లైన్‌మన్ ఆ నంబరు తిరిగి నొక్కి ఫోను నా చేతికిచ్చాడు.

"ఆ సారూ," అన్నాడు అవతలి మనిషి, ఏమీ జరగనట్టు. "మొన్నటి సంది మిస్డ్ కాలిస్తున్నం. మీరే చేస్తరని సూస్తున్నం."

నేను దయ్యాలనుకున్నది మా ఊళ్ల జనాన్ని. వరుసగా వచ్చిన ప్రతి ఒక్క రింగుకూ తిరిగి చేశాం. కొందరికి మందులు, కొందరికి పాలడబ్బాలు, ఒకరికి బర్రె తప్పిపోయిన సంగతి. ఆలస్యం వల్ల ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. అది నా అదృష్టం, నా తెలివి కాదు.

కానీ దీనమ్మ ఎక్కడుంది? బతికి ఉందని తెలిసింది, చోటు తెలియలేదు. తిరిగి చేస్తే ఆమె ఫోను ఆపి ఉంది. మళ్లీ ఒకే ఒక్క అవకాశం, రేపు పదింటికి. అదీ ఛార్జింగు ఉంటే. పన్నెండుకు బోట్లు పోతాయి.

సువార్త అక్కతో కలిసి ఆలోచించాను. అవ్వ రింగును ఎలా కొలుస్తుందని అడిగాను. మీట ఒత్తి, ఐదు వేళ్లూ ఒక్కొక్కటిగా మడిచి, కోసేస్తుందట. సువార్త అక్కే నేర్పిన లెక్క. మధ్యలో ఎవరైనా ఎత్తితే? ఫోను మీద సెకన్ల అంకెలు ఉరుకుతాయి, అలా ఉరికితే నేను ఎత్తినట్టు, నువ్వు చెప్పేది చెప్పు అని ఎప్పుడో ఒకసారి చెప్పిందట. గుర్తుందో లేదో తెలియదంది.

అంటే ఆ ఐదో వేలు మడిచేలోపు నేను ఎత్తాలి. రింగు మొదలైన సగం సెకనులో. ఇంకొకటి కూడా చెయ్యాలనిపించింది. ఆ గొంతు సువార్త అక్క కూడా వినాలి. రెండు బయటి లైన్లను ఒకదానితో ఒకటి కలపొచ్చు. కానీ ఈ డబ్బా అలా కలిపిన వాటిని ముప్పై సెకన్లకు తెంపేస్తుంది, ఎవరైనా మరిచిపోయి వదిలేస్తారేమోనని. ఆ అంకె వెతికి ఐదు నిమిషాలకు పెంచాను. పెంచేముందు ఈసారి కాగితం చూశాను. దాని పక్కన ఏమీ రాసి లేదు. అయినా ఆమెను అడిగాను.

"పెంచన్నా," అంది. "గది నాకు తెల్వది."

నాలుగో రోజు. వాన సన్నబడింది. 9:40కి సువార్త అక్క మొదటి లైనులోకి వచ్చింది. లైను అలాగే పట్టుకుని ఉంది. నా ఎడమ చెయ్యి కలిపే మీట మీద, కుడి చెయ్యి నాలుగో మీట మీద. హవల్దార్ మిగతా ఫోన్లన్నీ తన బల్ల మీదికి లాక్కున్నాడు. బోట్ల నాయక్ రెయిన్‌కోటు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడ్డాడు. షావుకారు చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, ఎందుకో తనకే తెలియదు.

10:00. రాలేదు. 10:01. రాలేదు. 10:02. సువార్త అక్క ఊపిరి నా చెవిలో వినిపిస్తోంది. 10:03.

దీపం వెలిగింది. నొక్కాను. ఎడమ చెయ్యి నొక్కింది. హోరుమని గాలి చప్పుడు. మేక అరుపు. తర్వాత పెద్ద గొంతు, వినపడని వాళ్లు మాట్లాడే గొంతు.

"అంకెలు ఉరుకుతున్నయి. ఎత్తినవా బిడ్డా? నేను మంచిగనే ఉన్న. గొర్లోల్ల గుట్ట మీద, టవరు రూములున్న. మేకలు నాలుగు నా కాడనే ఉన్నయి. పోరికి జరం తగ్గిందా? నాకు చెప్పకు, నాకు ఇనబడది. తగ్గితే దేవునికి చెప్పు, నేను ఆయన్ని అడుగుత. నువ్వు రాకు, తొవ్వ మంచిగ లేదు. ఒక్క గీతనే ఉన్నది. రేపు చేస్త."

"తగ్గిందవ్వా," అంటోంది సువార్త అక్క జనగామ నుంచి. "తగ్గింది, తగ్గిందవ్వా."

లైను ఆగిపోయింది. అక్క ఇంకా అదే మాట చెబుతోంది. నేను నాయక్ వైపు తిరిగి గుట్ట పేరు చెప్పేసరికి తలుపు దగ్గర ఆయన లేడు. 10:12కి బోటు నీళ్లలో పడింది.

ఆ గుట్ట ఊరికి కిలోమీటరున్నర దూరం. చుట్టూ నీళ్లు. ఊరి చుట్టూ తిరిగిన బోటు అంత దూరం చూడలేదు. 11:25కి రేడియో.

"కంట్రోల్, బోట్ రెండు. అవ్వ దొరికింది. ఆరోగ్యంగా ఉంది. మేకలు లేకుండా ఎక్కనంటోంది. ఓవర్."

బోట్లలో మనుషులే, పశువులు వద్దని ఆర్డరు. హవల్దార్ మైకు నా చేతిలోంచి తీసుకున్నాడు. "బోట్ రెండు, ఎంతమందో చెప్పు. నేను రాసుకోవాలి. ఓవర్."

కాసేపు గరగర. "ఒక అవ్వ. నలుగురు పిల్లలు. ఓవర్."

"రాసుకున్నాను. తీసుకురా. అవుట్."

లాగ్‌బుక్‌లో ఇప్పటికీ అలాగే ఉండి ఉంటుంది. నా సర్వీసులో నేను తెలిసి రాసిన ఒకే ఒక్క తప్పుడు లెక్క. గల్లంతు లిస్టులో ఆ పేరును ఒక్క గీతతో కొట్టేశాను, కాగితం చిరిగింది.

పదకొండో రోజు 12:30కి సామాను సర్దుకున్నాం. అంకెలన్నీ కాగితంతో పోల్చి చూసి మూత పెట్టాను. 3:50కి జనగామ దవాఖాన గేటు ముందు ట్రక్కు ఆపమని హవల్దార్‌నడిగితే పది నిమిషాలిచ్చాడు. వస్తున్నామని ముందే ఫోనులో చెప్పాను. గేటు పక్కన ఒక ఆడమనిషి, ఆమె చెయ్యి పట్టుకుని సన్నగా వాడిపోయిన ఆడపిల్ల. నన్ను చూసి ఎవరో అనుకుంది. "అక్కా" అనగానే గొంతు గుర్తుపట్టింది.

క్షమించమన్నాను. ఆమె కవరులో ఉడకబెట్టిన పల్లికాయ తెచ్చింది. అది నా చేతిలో పెట్టి ఇలా అంది.

"మార్చొద్దని రాసిన గని, ఎందుకో రాయలే. రాసుంటే నువ్వు మార్చకపోదువు. గది నా తప్పన్నా."

ఆమె తప్పేమీ లేదు. అయినా తప్పులో వాటా తీసుకుంది, నా ఒక్కడి మీద ఉండకూడదని. పిల్ల నా టోపీ అడిగింది. ఇచ్చాను. టోపీ పోయిందని తర్వాత స్టోరులో సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం బ్యారక్ చేరగానే మా బాపుకు ఒక్క రింగిచ్చి కోసేశాను. నిమిషంలో తిరిగి చేశాడు. ఏందిరా అన్నాడు. ఏం లేదు బాపూ, మంచిగున్న అన్నాను.

ఇప్పుడు రిటైరై ఘనపూర్‌లోనే ఉంటున్నాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఎక్కడ మిల్లులో, బడిలో, దవాఖానలో ఫోను డబ్బా మొరాయించినా నన్నే పిలుస్తారు. మూత తియ్యగానే ముందు లోపలివైపు చూస్తాను, చేతిరాత ఏమైనా ఉందేమోనని. ఉంటే, అది రాసిన వాళ్లెక్కడున్నారో కనుక్కునే దాకా డబ్బా ముట్టుకోను.

ఒక్కటి మాత్రం ఇంతదాకా చెప్పలేదు. నాలుగో రోజు బోటు దిగి దీనమ్మను మిల్లుకు తెచ్చాక జరిగింది. పత్తి బేలు మీద కూర్చుని షావుకారు చాయ్ తాగింది. మేకలు వరండాలో కట్టేసి ఉన్నాయి. ఆమె లేచి నా బల్ల దగ్గరికి వచ్చింది. డబ్బా వైపు, ఫోను వైపు చూసి, తన ఫోను తీసి చూపించి, ఇది ఒత్తితే ఎక్కడికి పోతుందని సైగ చేసింది. నాలుగో దీపం మీద వేలు పెట్టి చూపించాను. ఆమె నమ్మలేదు. ఫోనులో చివరి గీత ఇంకా ఉంది. రెండో మీట గట్టిగా ఒత్తింది. ఫోనును ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి వేళ్లు దీపం ముందు పెట్టి మడవడం మొదలుపెట్టింది. చిటికెన వేలు. ఉంగరం వేలు. మధ్యవేలు. చూపుడువేలు మడిచేటప్పుడు దీపం వెలిగింది. గంట మోగింది. ఆమెకది వినపడదు. ఇన్నేళ్లుగా రోజూ ఒత్తుతున్నది, అటువైపు ఏం జరుగుతుందో ఎన్నడూ చూడలేదు. ఆ ఎర్రవెలుగు ముఖం మీద పడి, ఆమె నోరు తెరిచి నవ్వింది. బొటనవేలు మడవడం మరిచిపోయింది.

నేను ఎత్తలేదు. ఎంతసేపు మోగుతుందో అంతసేపు మోగనిచ్చాను.